ఏ ఎండకా గొడుగు పట్టే కణాలు

అందరికీ నమస్కారం. స్లయిడ్లు తక్కువ, మాటలు ఎక్కువ, కాబట్టి వెనకాల కూర్చున్నవాళ్ళు స్క్రీన్ కనబడట్లేదని కంగారు పడకండి. ఈరోజు మాట్లాడేది క్యాన్సర్ కణాలు రూపం మార్చి మందుని ఎలా తప్పించుకుంటాయో, దానికి పరిణామంతో ఏం సంబంధమో.

ఏ ఎండకా గొడుగు పట్టడం అని మనుషుల్ని తిట్టడానికి వాడతాం కదా, జీవశాస్త్రంలో అది తిట్టు కాదు, పెద్ద ఆస్తి. జన్యువులు అవే ఉంటాయి, చుట్టూ పరిస్థితి మారేసరికి శరీరం ఇంకో రూపం తీసుకుంటుంది, దీన్నే ఫీనోటైపిక్ ప్లాస్టిసిటీ అంటారు. డాఫ్నియా అని నీళ్ళల్లో బతికే ఆవగింజంత జీవి ఉంది, మగతోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంది, అంటే పిల్లలన్నిటికీ తల్లి డీఎన్ఏనే. వాటిల్లో సగాన్ని మామూలు నీళ్ళల్లో పెంచి, మిగతా సగాన్ని వాటిని తినే పురుగు ఉండి వెళ్ళిన నీళ్ళల్లో పెంచామనుకోండి, ఈ రెండో బ్యాచ్‌కి మెడ వెనకాల చిన్న చిన్న ముళ్ళు వస్తాయి. పురుగు అక్కడ లేదు, వాసన మాత్రమే ఉంది, అయినా ముళ్ళు రెడీ!

సరే, ఇదంతా ఒక్క జన్మతో పోయే సరదా అయితే పరిణామానికి ఏం సంబంధం? ఇక్కడే వాడింగ్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త గారి ఈగల గురించి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. 1953లో ఆయన పండు ఈగల ప్యూపాలని, అంటే పురుగు ఈగగా మారే గూడు దశలో ఉన్నవాటిని, 40 డిగ్రీల వేడిలో నాలుగు గంటలు ఉంచాడు, అలా ఉంచితే కొన్ని ఈగలకి రెక్కలో అడ్డంగా ఉండే సన్నటి ఈనె రాలేదు. ఆ ఈనె లేనివాటినే ఏరి జత కట్టించి, వాటి పిల్లలకి మళ్ళీ వేడి చూపించి, మళ్ళీ ఏరి, ఇలా సుమారు 15 తరాలు పోయాక ఏమైందంటే అసలు వేడే తగలని ఈగలు కొన్ని ఈనె లేకుండా పుట్టడం మొదలైంది. వేడి కొత్త జన్యువుల్ని పుట్టించిందా అంటే లేదు, ఆ తేడాలు ముందే లోపల దాగున్నాయి, వేడి వాటిని బయటపెట్టింది, ఏరడం వల్ల అవన్నీ ఒకచోట పోగయ్యాయి. అంటే ముందు రూపం మారింది, జన్యువులు తాపీగా వెనకాల వచ్చి దాన్ని ఖాయం చేశాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి, క్యాన్సర్‌లో మళ్ళీ ఇదే కనబడుతుంది.

క్యాన్సర్ మందు కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోతే మనం వెంటనే మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, వచ్చేసింది అంటాం. తప్పని కాదు గానీ సగమే నిజం. 2010లో పీసీ9 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద ఒక పని చేశారు, వీటిల్లో కణాన్ని పెరగమని చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయి ఉంటుంది, దాన్ని ఆపే మందు వేస్తే కణాలు టపటపా చచ్చిపోతాయి. మామూలుగా చాలే డోస్‌కి వంద రెట్లు వేశారు. అయినా డిష్ అడుగున వెయ్యికి ఓ మూడు కణాలు మిగిలాయి, పెరగట్లేదు, విడిపోవట్లేదు, ఊరికే అతుక్కుని కూర్చున్నాయి. ఇవి మ్యుటేషన్ వచ్చిన మొండి కణాలైతే మందు తీసేసినా మొండిగానే ఉండాలి కదా? తీసేసి పెరగనిస్తే వాటి సంతతి మళ్ళీ అదే మందుకి చచ్చిపోయింది! అంటే జన్యువు మారలేదు, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది గుర్తులు మారాయి, కొన్ని జన్యువులు మూతపడి కణం నిద్రలోకి జారుకుంది. వీటిని పర్సిస్టర్లు అంటారు, ఆ పేరు 1944లో పెన్సిలిన్‌కి చావని బ్యాక్టీరియాకి పెట్టింది, అక్కడినుంచి అరువు తెచ్చుకున్నారు.

అసలు చిక్కు ఏంటంటే ఈ నిద్రపోయే కణాలు టైమ్ సంపాదిస్తాయి. 2016లో తేలిందేంటంటే ఈ మందుని తట్టుకునే టీ790ఎం అనే మ్యుటేషన్ కొన్ని కణాల్లో ముందునుంచే ఉంటుంది, కొన్నిట్లో మాత్రం ఆ పర్సిస్టర్ దశలో బతికి బయటపడ్డాక తర్వాతెప్పుడో వస్తుంది. వాడింగ్టన్ ఈగల్లో తేడాలు ముందే ఉన్నాయి, ఇక్కడ కొత్తగా కూడా పుడతాయి, అచ్చుగుద్దినట్టు ఒకటే అనను, కానీ వరస అదే, రూపం ముందు జన్యువు వెనక.

ఇంకో రకం ఉంది, నాకైతే ఇది మరీ భయం వేసే రకం, కణం నిద్రపోదు, జాతే మార్చుకుంటుంది. ఈజీఎఫ్ఆర్‌ని ఆపే మందు వాడుతున్న కొద్దిమందిలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కాస్తా స్మాల్ సెల్ అనే వేరే రకం క్యాన్సర్‌గా మారుతుంది, పాత మ్యుటేషన్ అలాగే ఉంటుంది కానీ కణానికి ఇప్పుడు ఆ స్విచ్‌తో పనే లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో కూడా హార్మోన్ దారి మూసేస్తే కొన్ని కణాలు న్యూరోఎండోక్రైన్ రూపంలోకి, అంటే నరాల కణాల పోలికలున్న రూపంలోకి, జారిపోతాయి.

మరి ఈ గుణాన్నే మనవైపు తిప్పుకోలేమా? ఒకచోట తిప్పాం. ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్‌లో కణాలు ఎదగకుండా మధ్యలో ఆగిపోతాయి, విటమిన్ ఏ నుంచి వచ్చే ఆల్ ట్రాన్స్ రెటినోయిక్ యాసిడ్ ఇస్తే అవి ముదిరి మామూలు తెల్లకణాల్లా మారి వాటి ఆయుష్షు తీరి పోతాయి, షాంఘైలో 1988లో 24 మంది మీద వచ్చిన ఫలితం అది. అక్కడ అడ్డు ఒక్క ఫ్యూజన్ ప్రోటీన్, అంటే రెండు జన్యువులు అతుక్కుని తయారైన ప్రోటీన్, కాబట్టి కుదిరింది, గడ్డల్లో అంత తేలిగ్గా కుదరట్లేదు. పీసీ9 పర్సిస్టర్లని డిష్‌లో హిస్టోన్ గుర్తుల్ని కదిపే మందులతో చంపారు, కానీ అవే మందులు పేషెంట్ దగ్గరకొచ్చేసరికి మంచి కణాల్ని కూడా కదుపుతాయి.

అందుకే మందు ఆగిపోయినప్పుడు కుదిరితే మళ్ళీ బయాప్సీ చెయ్యాలి అని డాక్టర్లు పట్టుబడతారు. రక్తంలో మ్యుటేషన్ వెతకచ్చు, కానీ అడినోకార్సినోమానా, స్మాల్ సెల్లా అన్నది ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తేనే గట్టిగా చెప్పగలరు. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.