నాగలి ఎవరు పట్టాలి?

అక్కలకీ, పిన్నమ్మలకీ నమస్కారం. ఉభాలు, అదే వరినాట్లు, అయిపోయాక పర్లాకిమిడి రమ్మన్నారు, మంచిపని చేశారు. పది రోజుల ముందు పిలిచుంటే ఖాళీ కుర్చీలతో మాట్లాడేవాణ్ణి.

యుద్ధకాలంలో సేద్యం చేసిన ఆడవాళ్ల గురించి చెప్పమన్నారు. ఇంగ్లండులో వాళ్లకి ఒక పేరుండేది, విమెన్స్ లాండ్ ఆర్మీ అని. మొదటి యుద్ధంలో 1917లో పెట్టారు, మళ్లీ 1939 జూన్‌లో, యుద్ధం ఇంకా రాకముందే, నిలబెట్టారు. ఆ దేశానికి తిండి చాలామట్టుకు ఓడల మీదే రావాలి. మగవాళ్లేమో పటాలంలోకి పోతున్నారు. దాంతో బట్టల కొట్లలో, ఆఫీసుల్లో పనిచేసే పట్నం పిల్లలు పాలు పితకడం నేర్చుకున్నారు, ట్రాక్టర్లు తోలారు. ఎలుకలు పట్టడం కూడా వాళ్ల పనే! 1943 నాటికి 80 వేల మంది దాటారు.

కూలి సంగతా? మొదట్లో వారానికి 28 షిల్లింగులు. మగవాడికైతే 38. నవ్వుతున్నారు, మీకు తెలిసిన లెక్కే కదా.

అప్పుడే మనవైపు ఏం జరిగింది? 1942 మార్చిలో రంగం, అదే బర్మాలోని రంగూన్, జపాన్ చేతిలో పడింది. ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. మా మామ్మ బాంబుల గురించి ఎప్పుడూ చెప్పేది కాదు. తాతయ్య రంగం నుంచి పంపే మనియార్డరు ఆగిపోయిందని మాత్రం చెప్పేది. ఆకు (వరినారు) తీసింది, ఉభాలేసింది, కోసింది, కళ్లం ఊడ్చింది. దుక్కి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఆడది నాగలి ముట్టకూడదన్నారు. దున్నిపెట్టమని పక్కూరి మనిషి చుట్టూ రోజుల తరబడి తిరిగిందట, ఆలోపు నేల పదును ఆరిపోయింది. ఆ ఏడు సగం పొలం బీడే.

ఇంగ్లండు పిల్లలకి ట్రాక్టరైతే ఇచ్చారు గానీ, యుద్ధం ముగిసే వేళకి మిగతా దళాలవాళ్లకిచ్చే సాయం వీళ్లకి లేదన్నారు. వాళ్ల పెద్ద లేడీ డెన్మన్ 1945లో రాజీనామా పడేశారు. ప్రభుత్వం గుర్తింపు బ్యాడ్జీ ఇచ్చింది 2008లో. 1939లో పద్దెనిమిదేళ్ల పిల్లకి అప్పటికి 87.

ఇప్పుడు మన మగవాళ్లు సూరత్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్నారు. యుద్ధమేమీ లేదు. ట్రాక్టర్ అద్దెకొస్తుంది, డ్రైవరుతో సహా. అతను ఫోనెత్తకపోతే మళ్లీ మా మామ్మ టెన్షనే.

మీలో ట్రాక్టర్ తోలినవాళ్లు చెయ్యెత్తండి. అదిగో, స్తంభం పక్కన ఒక్కరున్నారు. నా మాట చాలు. అమ్మా, మీరు వచ్చి ఈ మైకు పట్టుకోండి.