ఇంట్లో పెద్దవాళ్ల నడకను ఫోన్‌తో తీయడం ఎలా? ఏం చూడాలి?

నమస్కారమండీ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ వీడియో మీకే. "తిన్నగా నడవవే" అని వెనకనుంచి ఎంత అరిచినా ఎవరి నడకా బాగుపడదు. అడుగు ఎక్కడ దెబ్బతింటోందో తెలిస్తే ఫిజియోథెరపిస్టు అక్కడే పని మొదలెడతారు. అది ఫోన్‌తో ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ముందు చోటు. కాలవగట్టు వద్దండి. మన కోనసీమలో గట్టు రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటే, మంచి కాళ్లున్నవాళ్లు కూడా కుంటుతున్నట్టే కనిపిస్తారు. వడ్లు ఆరబోసే సిమెంటు చప్టా అయితే హాయి. ముగ్గుపిండితో రెండు గీతలు గీయండి, మధ్య 4 మీటర్లు. టేపుతోనే కొలవండి. మొదటి గీతకి రెండు మూడడుగుల వెనకనుంచి బయల్దేరి, రెండో గీత దాటాక కూడా రెండు మూడడుగులు నడవాలి.

ఫోన్‌ని నడుము ఎత్తులో స్టూలు మీద కదలకుండా పెట్టండి. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, వెనకనుంచి ఒకటి తీయండి. కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుంటే, పంచె అయితే ఎగ్గడితే మడమలు కనిపిస్తాయి. స్లో మోషన్ ఉంటే వాడండి. ఒక మనిషి పక్కనే, అరడుగు వెనగ్గా, పట్టుకోకుండా నడవాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

రండి మామ్మగారూ. కెమెరా చూడక్కర్లేదు, సంతకి వెళ్తున్నట్టు నడవండి.

చూశారా, బిగదీసుకుని నడుస్తున్నారు! ఫోన్ పెడితే మొదటిసారి అందరూ అంతే. దాన్ని వదిలేసి రెండోది చూడండి. ఇప్పుడు గీత నుంచి గీతకి 6 సెకన్లు పట్టింది. 5 సెకన్లంటే సెకనుకు 0.8 మీటరు. పెద్దవాళ్లు అంతకంటే నెమ్మదిగా నడుస్తుంటే కాళ్ల బలం, నిలకడ పరీక్ష చేయించాలి.

ఇప్పుడు స్లో మోషన్. ఒక మడమ నేలకి తగిలి, మళ్లీ అదే మడమ తగిలేదాకా ఒక చుట్టు. మామూలు నడకలో దాంట్లో సుమారు 60 శాతం సేపు ఆ పాదం నేలమీద ఉంటుంది, 40 శాతం గాలిలో. నొప్పి ఉన్న కాలిని త్వరగా ఎత్తేస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి మడమకి బదులు వేళ్లు ముందు తగులుతాయి, పాదం ఈడవకుండా కాలిని బయటికి తిప్పి తెస్తారు. అప్పుడు పాదం పైకి లేస్తోందా, మోకాలు వంగుతోందా చూడండి. గాలిలో మోకాలు మామూలుగా 60 డిగ్రీల దాకా వంగుతుంది.

అసలు సంగతి వెనకనుంచి తీసినదాంట్లో ఉందండి. మామ్మగారికి ఆపరేషన్ కుడి తుంటికి. ఇక్కడ ఆపుతున్నాను. కుడి పాదం నేలమీద ఉంది, ఎడమ పక్క నడుము కిందికి జారింది. ఇంట్లోవాళ్లేమో ఎడమ కాలు లాగేస్తోందంటున్నారు. కానీ బరువంతా ఇప్పుడు కుడి కాలి మీదే ఉంది. కుడి తుంటి పక్కనుండే కండరం పట్టుకోలేకపోవడంతో అవతలి పక్క జారిపోతోంది. వ్యాయామం ఆ కుడి తుంటికే కావాలి.

మరి కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? ఎడమ చేత్తో. కుడి పాదం, కర్ర కలిసి నేలకి ఆనాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, మామ్మగారిదీ అదే అలవాటు. "నాది కుడిచేతి వాటం కదమ్మా" అంటున్నారు. కొన్నాళ్లు ఇబ్బందేనండి. ఇదిగో, చెయ్యి మార్చాక జారడం తగ్గింది, గమనించండి. చెయ్యి కిందికి వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, అదే కర్ర ఎత్తు.

ఇక చేలోకి ఎప్పుడు వెళ్లొచ్చని అడుగుతారు. గట్టు మీద పాదాల మధ్య ఎడం ఉండదు, అందుకే తుంటి పక్క కండరాలకి పని ఎక్కువ. ఫిజియో సరేనన్నాక గోడ పక్కన మూరెడు వెడల్పు దారి గీసి, గీత తొక్కకుండా నడిపించండి, తర్వాత జానెడు. అది కుదిరినా సరే, నాట్లప్పటి తడిగట్టు మీదికి ఒంటరిగా పంపకండి.

ఒకటి మాత్రం వీడియోలతో పనిలేదు. నిన్నటిదాకా బాగున్న మనిషికి ఉన్నట్టుండి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.

నెలకోసారి అదే చోట, అవే చెప్పులతో తీసి, ఫైలుకి తేదీ, సెకన్లు పేరుగా పెట్టండి. ఫిజియోకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే బొమ్మ మసకబారి మడమ కనపడదు.