మునిగాడు మింగిన లడ్డూ | తిరుపతి సెలవులు, ఆరో రోజు

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. వెనకాల మోత మిక్సీదండీ. అమ్మ ఊరిబిండికి శనక్కాయలు తిప్పుతోంది. అది ఆగేదాకా కూర్చుంటే ఈ వీడియో అవ్వదు, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఈరోజు అసలు కపిలతీర్థం చూపిద్దామనుకున్నా. కానీ రాత్రి నుంచి మా పిన్నిలు గ్రూపులో ఒకటే గోల, "కుక్క బాగుందా, కుక్కని చూపించు" అని. ఇంకోటి, మీ దగ్గర దాపరికం ఎందుకు, అమెరికాలో మేముండే కొలంబస్‌లో మంచు ఎత్తిపోసే వీడియోకి నేను రెండు రోజులు ఎడిటింగ్ చేస్తే నాలుగు వేల వ్యూస్. మొన్న ఇక్కడి మా కుక్క మునిగాడు గేటు దూకిన ముప్పై సెకన్ల ముక్కకి తొంభై వేలు. కాబట్టి కపిలేశ్వరస్వామి క్షమించాలి.

ఇదిగో, బైరాగిపట్టెడ మా ఇంట్లో గడప మీద పడుకున్న ఈయనే మునిగాడు. మూడేళ్ళ కింద వానలో తడుస్తుంటే నాన్న చొక్కాలో పెట్టుకొని తెచ్చాడు. పేరుకి ముని, ధ్యానమంతా వంటింటి గట్టు మీదే. ఓళిగలు, దోసెపిండి, దేవుడి ముందు పెట్టిన కొబ్బరిచిప్ప, ఏదీ వదలడు. దోసెపిండి గిన్నె మూత ముక్కుతో ఎత్తి, తిని, మళ్ళీ మూత వేశాడని అమ్మ చెప్తుంది. మూత వేశాడన్నది నేను నమ్మను.

గురువారం మూడు వందల రూపాయల దర్శనం చేసుకొని కిందికి వచ్చాం. కొలంబస్‌లో మా ఆఫీసు తెలుగువాళ్ళ కోసమని యాభై రూపాయల లడ్డూలు పది తెచ్చా. డైనింగ్ టేబుల్ మీద పెట్టి, మిద్దె మీద బట్టలు తీసుకొని వచ్చేసరికి సంచి కింద ఉంది. లెక్కపెడితే ఎనిమిదిన్నర. ఆ సగం కూడా నాకిపెట్టాడు.

అమ్మ నవ్వుతోంది. నాకు మాత్రం కాళ్ళు చల్లబడ్డాయి. ఎందుకంటే లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్కలకి పడదండీ, కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని కుక్కలు గుప్పెడు తిన్నా తట్టుకుంటాయి, కొన్నిటికి నాలుగు పళ్ళే ప్రాణం మీదికి తెస్తాయి. మనది ఏ రకమో ముందుగా తెలీదు. ఇది నాకూ అక్కడికి పోయాకే తెలిసింది. అక్కడి మా కుక్క కోకో, బీగిల్ జాతి, రెండేళ్ళ కింద టేబుల్ మీది ద్రాక్షగుత్తి లాగేసింది. అక్కడ ఇలాంటప్పుడు ముందు విషాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తారు, సలహాకే వంద డాలర్ల దాకా అవుతుంది. తర్వాత రాత్రిపూట తెరిచి ఉండే జంతువుల ఎమర్జెన్సీకి పోవాలి. చాలాచోట్ల ముందు కార్డు గీకాకే వైద్యం మొదలుపెడతారు. కక్కించారు, రెండు రోజులు సెలైన్ పెట్టారు, రక్తపరీక్షలు చేశారు. 2,100 డాలర్లు. డాలరు 86 లెక్కన లక్షా ఎనభై వేలు. ఒక గుత్తి ద్రాక్షకి!

నేను అరిచిన అరుపుకి నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో పిలిచాడు. ఆయనకి తెలిసిన పశువుల డాక్టరు గారు ఉన్నారు, ఇక్కడి వెటర్నరీ కాలేజీలోనే చదివారు. 1955 నాటి కాలేజీ అండీ అది. మనకి ఊరంటే కొండ ఒక్కటే గుర్తుకొస్తుంది గానీ పశువైద్య విశ్వవిద్యాలయం కూడా తిరుపతిలోనే ఉంది.

ఆటోలో అమ్మ మొదలుపెట్టింది. "స్వామి ప్రసాదాన్ని కక్కిస్తారా? పాపం కాదా?"

"స్వామికి తెలీదా ఏందిమే, నోరు లేని జీవం," అన్నాడు నాన్న. వాడి తల ఆయన ఒళ్ళో ఉంది. మళ్ళీ కాసేపటికి, "ప్రసాదం తిని చచ్చిపోయిన కుక్కని నేనైతే యాడా చూళ్ళేదు," అని తనకి తనే చెప్పుకున్నాడు.

డాక్టరు గారు అడిగిన మొదటి మాట "తిని ఎంతసేపయింది?" ఆలస్యమైతే కక్కించినా లాభం తక్కువ. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించడం లాంటివి చేయొద్దన్నారు, అదింకో ప్రమాదమట. ఇంజెక్షన్ వేశారు, లడ్డూ వచ్చేసింది, అమ్మ కళ్ళు మూసుకొని దణ్ణం పెట్టుకుంది. మూడు రోజులు వాంతులు, ఒంటేలు గమనించమన్నారు, నిన్న రక్తపరీక్ష చేశారు. బాగున్నాడు. ఆటోతో కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. నాకు సంతోషంగానూ ఉంది, కోకో బిల్లు తలుచుకుంటే కడుపుమంటగానూ ఉంది.

అన్నట్టు పులిహోర కూడా వద్దండీ. ద్రాక్షలో కుక్కలకి పడనిది టార్టారిక్ ఆమ్లం అయ్యుండొచ్చని 2021లో అమెరికా పశువైద్యులు రాశారు. అది చింతపండులోనూ దండిగా ఉంటుంది. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉడికిన కోడిబొమికలు కూడా పెట్టకూడదు. ఇది చెప్పగానే అమ్మ, "ఇంక వాడు తినేదానికి ఏముండాది, గాలా?" అంది.

సరే, దొంగతనం మాన్పించే పని. అమెరికాలో దీనికో పేరుంది, కౌంటర్ సర్ఫింగ్. గట్టు మీద అలల మీద తేలినట్టు తేలి ఎత్తుకుపోవడం. దానికి ట్రైనర్లు ఉంటారు. మాకు వచ్చినావిడ గంటకి 140 డాలర్లు, అంటే పన్నెండు వేలు. మొదటి గంటలో ఆవిడ చెప్పింది ఒక్కటే, గట్టు మీద ఏమీ పెట్టకండి. అమ్మ అంటుంది, "ఆ మాట నేను ఊరికే చెప్పుంటా కదమ్మణ్ణీ."

కానీ అందులో విషయం ఉంది. కుక్కకి పదిసార్లు ఎగిరితే ఒక్కసారి దొరికినా చాలు, లాటరీ టికెట్టు కొనేవాడిలాగా ఇంకో వందసార్లు ఎగురుతుంది. తిన్నాక తిట్టినా దండగే. ఆ తిట్లు ఇప్పుడు చేస్తున్న పనికనుకుంటుంది గానీ ఇందాకటి లడ్డూకని దానికి తెలీదు. నోట్లోది లాక్కోబోతే కరవడం నేర్చుకుంటుంది, అందుకని ఇంకా మంచిది చూపించి మార్పిడి చేసుకోవాలి.

అక్కడైతే వంటింటికి చిన్న గేటు బిగిస్తారు, పిల్లల గేటు, 45 డాలర్లు. మా వంటింటికి ఉన్నది కర్టెను. నాన్న మడతమంచం అడ్డం పెట్టాడు. వాడు కిందనుంచి దూరాడు. తర్వాత ఇటుకలు పెట్టాడు. దాని మీద అమ్మ తట్టుకొని పడబోయింది. గేటు కథ అక్కడితో సరి.

ఇక నేర్పించడం. గుప్పిట్లో తినేది పెట్టుకొని "వద్దు" అనాలి. వాడు నాకుతాడు, గోకుతాడు, కదలకూడదు. విసిగి మొహం తిప్పుకున్న క్షణంలో రెండో చేత్తో ఇంకోటి ఇవ్వాలి. వదిలేస్తేనే వస్తుందని అర్థమవ్వాలి. మామూలుగా ఉడికించిన కోడిముక్కలు వాడతారు. నిన్న శనివారం! ఈ ఊళ్ళో, ఈ ఇంట్లో శనివారం కోడి మాట ఎత్తితే నన్నే బయట కట్టేస్తారు. అందుకని కొబ్బరి తుంటలు. సాయంత్రానికి "వద్దు" అంటే తల తిప్పుకోవడం మొదలుపెట్టాడు, చూడండి, చూడండి... ఆఁ, అదీ! బంగారు కొండ.

రెండోది, గోనెపట్ట. మనం తినేటప్పుడు వాడి చోటు అది. మనకన్నా ముందు వాడికి పెట్టేసి, ఆ పట్ట మీద పడుకుంటే అక్కడికే వెళ్ళి కొంచెం ఇవ్వాలి, పళ్ళెంలోంచి మాత్రం ఎవరూ పెట్టకూడదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అందరూ ఊఁ అన్నారు.

ఈరోజు పొద్దున అయిదున్నరకి లేచి వస్తే నాన్న వాకిట్లో కూర్చొని టీలో బన్ను ముంచి ఒక ముక్క తను, ఒక ముక్క వాడు.

"ఏంది నాన్నా ఇది?"

"టీ తాగేది పళ్ళెంలో కాదు కదమ్మా."

నాకు ఏమనాలో తెలీలేదు. నేను పెళ్ళై పోయేదాకా ఆ బన్నులో సగం నాదే.

పక్కన కూర్చొని ఫోన్లో కోకోని చూపించా. సెలవులకి వస్తూ దాన్ని కుక్కల బోర్డింగులో పెట్టొచ్చా. హాస్టల్ లాంటిదండీ, రాత్రికి 55 డాలర్లు, 4,730 రూపాయలు. కెమెరా ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. అక్కడ రాత్రి ఎనిమిదైంది. కోకో గదిలో మూలకి పడుకొని ఉంది. నాన్న కళ్ళజోడు తెచ్చుకొని చాలాసేపు చూశాడు.

"మీరు ఆఫీసులకి పోతే ఇంట్లో కూడా ఇంతేనా, ఒంటిగా?"

"తొమ్మిది గంటలు, అంతే."

"మరి ద్రాక్ష తినక ఏం జేస్తాది."

ఆ సంగతి ట్రైనరు రెండో గంటలో చెప్పిందండీ. ఇంకో పన్నెండు వేలు.

సరే, అమ్మ పిలుస్తోంది, సంగటి రెడీ. మునిగాడు ఎలా కూర్చుంటాడో లైవ్‌లో చూపిస్తా. మునీ, పట్ట! పడుకో... భలే. నాన్నా, మీరు వచ్చి కూర్చోండి, వాడిని చూడొద్దు. చూడండి అండీ, పళ్ళేలు పెట్టాం, నెయ్యి వేశాం, వాడు కదల్లేదు. ఒక నిమిషం... రెండు... నాన్నా! చెయ్యి కిందికి ఎందుకు పోయింది? నాన్నా!