అమ్మానాన్నలతో బ్యాంకాక్: ముందు సగం లిస్టు కొట్టేయ్

కిరణ్: సుధక్కా, నా బ్యాంకాక్ ప్లాన్ పంపించాను, చూశావా?

సుధ: చూశాన్రా. రోజుకి తొమ్మిది చోట్లు! ఊరు చూడ్డానికి వెళ్తున్నావా, శుభలేఖలు పంచడానికా?

కిరణ్: (నవ్వు) నాలుగు రోజులే కదక్కా.

సుధ: పైగా అమ్మానాన్నలు. రోజుకి ఒక్క వైపే పెట్టుకో. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ గుళ్లు, మూడూ చావ్ ఫ్రాయా నది దగ్గరే, ఒక రోజు వాటికే ఇచ్చెయ్. పొద్దున ఎనిమిదిన్నరకి ప్యాలెస్ తెరిచేసరికి గేటు దగ్గరుండాలి. పది దాటిందా, ఎండా జనమూ కలిసే వస్తాయి. నిక్కర్లూ, చేతుల్లేని డ్రెస్సులూ వద్దు, లోపలికి పంపరు.

కిరణ్: క్యాబ్ చాలుగా?

సుధ: ఆ ట్రాఫిక్ చూస్తే మన అమీర్‌పేటే నయమనిపిస్తుంది. స్కై ట్రైన్‌లో సఫాన్ తక్సిన్‌లో దిగు, కిందే రేవు. నారింజ జెండా పడవ ఎక్కు. మెట్రో కూడా ఉంది, సనాంచై స్టేషన్ నుంచి వాట్ ఫో నడిచేంత దూరమే. నా ఓటు మాత్రం పడవకే, నాన్నగారికి గాలి తగుల్తుంది.

కిరణ్: మోసాలు కూడా ఎక్కువంటారు?

సుధ: నేనే బోల్తా పడ్డాను, ఇంకేం చెప్పను! ప్యాలెస్‌కి వంద గజాల దూరంలో ఒకాయన, ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు. "ఇవాళ పూజ, మధ్యాహ్నం దాకా మూసేశారు. ఈలోగా ఆ టుక్‌టుక్‌లో గుళ్లు చూసి రండి" అన్నాడు. అమ్మని ఎక్కించాను. ఒక్క గుడి చూపించి తిన్నగా నగల కొట్టు ముందు దింపాడు. అమ్మ ఒక కెంపు వెలుతురుకి పెట్టి చూసి, "పదవే, ఇందులో జీవం లేదు" అని బయటికొచ్చేసింది. ఎవరేం చెప్పినా గేటు దాకా నడిచి నీ కళ్లతో చూసుకో.

కిరణ్: లోపల ఏది మిస్సవకూడదు?

సుధ: మరకత బుద్ధుడి గుడి చుట్టూ మండపం గోడల మీద రామకియెన్, అంటే వాళ్ల రామాయణం. 178 బొమ్మలు. వాళ్ల హనుమంతుడు తెల్లగా ఉంటాడు, కాస్త రసికుడు కూడా. రావణుడి కూతురు ఒక మత్స్యకన్య, ఆమెని వలచాడట. అమ్మకి కోపమొచ్చింది. మన దగ్గర సువర్చలా కల్యాణం చేస్తారుగా అంటే, "అది వేరు" అంది.

కిరణ్: (నవ్వు) మరి వాట్ ఫో?

సుధ: 46 మీటర్ల శయన బుద్ధుడు. పాదాలకి ముత్యపు చిప్పల పని. ఆయన వీపు వెనక వరసగా 108 కంచు గిన్నెలుంటాయి. చిల్లర తీసుకుని ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. 108 అని వినగానే అమ్మ వేంకటేశ్వర అష్టోత్తరం అందుకుంది. ఓం వేంకటేశాయ నమః... టింగ్. ఓం శ్రీనివాసాయ నమః... టింగ్. వెనక క్యూ ఆగిపోయింది, ఒక్కరూ విసుక్కోలేదు.

కిరణ్: మా అమ్మ కూడా సరిగ్గా అంతే! ఆవిడ తిండి గురించే నా బెంగ.

సుధ: మాంసం వద్దంటే సరిపోదు, చేపల సాస్ కూరల్లో కూడా పోసేస్తారు. 'మంగ్సవిరత్' అంటే శాకాహారం. విను, మాంసవిరతి! మన మాటే. కానీ అందులో గుడ్డు ఉండచ్చు. 'జే' అని అడుగు. పసుపు పచ్చ మీద ఎర్ర అక్షరాల జెండా ఉన్న కొట్లవి. గుడ్డూ, చేపల సాసూ ఉండవు, వెల్లుల్లి కూడా వెయ్యరు. మీ అమ్మ మడికి దగ్గరే.

కిరణ్: అమ్మయ్య.

సుధ: ఇంకోటి, డిజిటల్ అరైవల్ కార్డు, అంటే థాయ్‌లాండ్‌లో దిగేవాళ్లు నింపాల్సిన ఫారం. 2025 మే నుంచి తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటైతే మూసెయ్. సరే, చతుచక్ మార్కెట్ ఏ రోజు పెట్టావు?

కిరణ్: మంగళవారం. సోమవారం దిగి గురువారం తిరుగు ప్రయాణం.

సుధ: అది శని, ఆదివారాల సంతరా నాయనా. ముందు తేదీలు మార్చుకో. టికెట్లింకా తియ్యలేదుగా?

కిరణ్: ...నిన్న రాత్రే తీశానక్కా.