నాలుగు సర్వోల రోబో చేయి: కొనే ముందు తెలుసుకోవలసినవి

నమస్కారం. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి బిగించిన ఈ బొమ్మ రోబో చేయి కిట్‌ను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్కలు, 4 ఎస్‌జీ90 సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు), వాటికి ఆదేశాలిచ్చే ఒక ఆర్డుయినో బోర్డు ఉండే ఈ నమూనాను చాలామంది వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు కనుక, నేను చెప్పేది వాటన్నిటికీ దాదాపుగా వర్తిస్తుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకని పెట్టె మీద రాశారు. నా దృష్టిలో పదకొండేళ్ల లోపు వారికి ఇది తగదు. చిన్నపిల్లలకైతే సిరంజీల్లో నీళ్లు నింపి నడిపే హైడ్రాలిక్ చేయి నయం. అందులో కరెంటూ లేదు, కోడూ లేదు.

ముక్కల మీద అంటించిన కాగితం గోరువెచ్చని నీళ్లలో నానబెడితే తేలిగ్గా ఊడివస్తుంది. ఆ పని పూర్తిగా పిల్లలకే వదిలేయవచ్చు.

అసలు జాగ్రత్త సర్వో దగ్గర కావాలి. ఇది మామూలు మోటారులా గిరగిరా తిరగదు. దాదాపు 180 డిగ్రీల మేర మాత్రమే కదులుతుంది. కాబట్టి ముందుగా బోర్డుకు కలిపి, 90 డిగ్రీల దగ్గర నిలిపి, ఆ తర్వాతే దాని ఇరుసుకు తెల్లని హార్న్, అంటే చేతి ముక్కను తిప్పే చిన్న ప్లాస్టిక్ పట్టీ, తొడగాలి. అలా చేయకపోతే చేయి ఒక వైపు పూర్తిగా వంగి, రెండో వైపు సగంలోనే ఆగిపోతుంది. మోటారు ఇంకా నెట్టబోయి గుర్రుమంటూ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ పళ్లను అరగదీసుకుంటుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఈ కిట్ మాన్యువల్‌లో బిగింపు అంతా ముగిసిన తర్వాతి పేజీలో ముద్రించారు. ఇది క్షమించరాని తప్పు.

కీళ్ల దగ్గరి స్క్రూలను గట్టిగా బిగించకూడదు. ముక్కను ఎత్తి వదిలితే అది తన బరువుకే కిందికి వాలాలి. బలం చూపిస్తే యాక్రిలిక్ చిట్లుతుంది.

అన్నీ కలిపి ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించగానే, "నాన్నా, దీనికి చలేస్తోందా?" అని మా అమ్మాయి అడిగింది. చేయి అంతలా వణికింది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు; బరువు మీద పడి ఆగిపోయిన ఒక్క సర్వోనే అంతకంటే ఎక్కువ లాగగలదు. సర్వోలకు విడిగా 5 వోల్టుల, కనీసం 2 ఆంపియర్ల అడాప్టరు పెట్టి, దాని గ్రౌండు (నెగెటివ్) తీగను బోర్డు గ్రౌండుతో కలిపితే ఆ వణుకు పోతుంది. కిట్‌లో అడాప్టరు లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వైపు వెళితే అడాప్టరూ, విడి సర్వోలూ దొరుకుతాయి.

ఈ నమూనాలో నాకు బాగా నచ్చినది మణికట్టు. అక్కడ మోటారే లేదు. అయినా చేయి పైకి లేచినా కిందికి దిగినా పట్టుకునే వేళ్లు నేలకు సమాంతరంగానే ఉంటాయి, ఎందుకంటే పక్కనున్న సన్నని పట్టీలు చేతితో కలిసి సమాంతర చతుర్భుజాలుగా ఏర్పడతాయి. కోణాలు మారినా ఎదురెదురు భుజాలు సమాంతరంగానే మిగులుతాయి. పుస్తకంలో నిర్వచనంగా చదివే విషయాన్ని పిల్లలు ఇక్కడ వేలితో తాకి చూడగలరు.

బరువు విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. ఎస్‌జీ90 తిప్పే బలం సుమారు 1.8 కిలోగ్రామ్-సెంటీమీటర్లు, అంటే 15 సెంటీమీటర్ల దూరంలో నేరుగా మోయగలిగేది 120 గ్రాములు. అందులోనూ చేతి సొంత బరువు పోవాలి. రబ్బరు, ఖాళీ అగ్గిపెట్టె వంటివి ఎత్తుతుంది, అంతే. 1981లో అంతరిక్షానికి వెళ్లిన స్పేస్ షటిల్ రోబో చేయి కెనడార్మ్ కూడా భూమి మీద తన బరువును తాను ఎత్తుకోలేకపోయేదని చెప్పినప్పుడు మా అమ్మాయి కొంత ఊరట పొందింది.

పక్కన కూర్చుని ఓపికగా చూపించే పెద్దలు ఉంటే ఈ కిట్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు. పిల్లల చేతికిచ్చి మన పని చూసుకుందామనుకుంటే వద్దు. కొనేటప్పుడే ఒక సర్వో అదనంగా తీసుకోండి. గట్టి వస్తువులను పట్టించి అలాగే వదిలేస్తారు కనుక, ముందుగా పాడయ్యే అవకాశం వేళ్లను నడిపే మోటారుకే ఎక్కువ.