మెయిల్‌లో ప్యాచ్ పంపబోయేవారికి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఉప్పల్ నుంచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి దాకా వచ్చారు, చాలా సంతోషం.

మీలో ఎక్కువమందికి బ్రౌజర్‌లో బటన్ నొక్కి కోడ్ మార్పులు పంపడం అలవాటు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌లో మాత్రం ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఇప్పటికీ ఈమెయిల్‌లోనే వెళ్తాయి. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్‌ను, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టింది కెర్నల్ పని కోసమే. గిట్ ఫార్మాట్-ప్యాచ్ ఒక్కో కమిట్‌ను, అంటే గిట్‌లో నమోదు చేసిన ఒక్కో మార్పును, ఒక్కో మెయిల్‌గా తయారుచేస్తుంది, సెండ్-ఈమెయిల్ దాన్ని పంపుతుంది, అవతలివాళ్లు గిట్ ఏఎమ్‌తో తమ కోడ్‌లో కలుపుకుంటారు. ఈ కమాండ్లు ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. కష్టమంతా మార్పుతో పాటు దాని గురించి రాసే కమిట్ మెసేజ్ దగ్గరే.

"బగ్ ఫిక్స్ చేశాను" అంటే చదివేవారికి ఏం తెలుస్తుంది? తప్పు ఎప్పుడు జరుగుతోంది, వాడేవారికి ఏం కనిపిస్తోంది, మీ మార్పుతో అది ఎందుకు పోతుంది, ఇవన్నీ రాయాలి. ఏం మార్చారో కోడ్‌లో కనిపిస్తుంది. ఎందుకు మార్చారో మీరు చెప్తేనే తెలుస్తుంది. కొన్నేళ్ల తర్వాత, ఏ లైన్‌ను ఎవరు మార్చారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టి ఆ లైన్ దగ్గరికి వచ్చినవారికి మీరు దొరక్కపోవచ్చు, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలు దొరుకుతాయి. తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లీష్ ఎలా రాయాలి అని టెన్షన్ పడకండి. విషయం తెలిసి రాసిన చిన్న వాక్యం ఎవరికైనా అర్థమవుతుంది.

చివర్లో వచ్చే సైన్డ్-ఆఫ్-బై లైన్‌ను ఆలోచించకుండా పెట్టకండి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని మీ పేరు మీద మీరిచ్చే మాట అది. కెర్నల్‌లో 2004 నుంచి ఉంది. ఈ ఊళ్లో మనలో చాలామందిమి కంపెనీల్లో పనిచేసేవాళ్లమే కాబట్టి, ఆఫీసులో రాసిన కోడ్ అయితే ముందు అక్కడ అనుమతి తీసుకోండి.

రివ్యూ చేసేవారు మీ లైన్‌ను కోట్ చేసి, దాని కిందే ప్రశ్న అడుగుతారు. మీరూ ఆ ప్రశ్న కిందే జవాబు రాయండి, ఒక్కటీ వదలొద్దు. సరిదిద్ది పంపేటప్పుడు సబ్జెక్ట్‌లో వీ2 (రెండో వెర్షన్) అని ఉండాలి. ఈసారి ఏం మారిందో మెసేజ్ తర్వాత వచ్చే మూడు అడ్డగీతల కింద రాయండి. అది కోడ్ చరిత్రలోకి వెళ్లదు, రివ్యూ చేసేవారికి మాత్రం ఎంతో సమయం మిగులుతుంది. జవాబు రాకపోతే కనీసం వారం ఆగి, మర్యాదగా గుర్తుచేయండి.

ఒక జాగ్రత్త. ప్యాచ్‌ను మామూలు మెయిల్ కిటికీలో పేస్ట్ చేస్తే లైన్లు విరిగిపోవచ్చు, ట్యాబ్‌లు స్పేస్‌లైపోవచ్చు. అప్పుడది అవతల అతకదు. అందుకే ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరిచి, మీ మొదటి ప్యాచ్‌ను మీ అడ్రస్‌కే పంపుకోండి. గిట్ ఏఎమ్‌తో కలిసిందో లేదో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.