ముసలి ఐబుక్, దాని దుభాషి

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెలలో ఒక పాత ఛార్జర్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. మౌంట్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే చాలు, వైర్లూ బోర్డులూ స్పీకర్లూ నెత్తికి తగులుతుంటాయి. నా సంచిలో ఉన్నది తెల్లటి ఆపిల్ ల్యాప్‌టాప్. పేరు ఐబుక్ జీ4, 2005 నాటిది. కొట్టులో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇదు ఓడాదు సార్" అన్నాడు. ఇది నడవదు అని తీర్పు. "నడుస్తుంది నాయనా, ఇందులో విండోస్ కూడా ఉంది" అన్నాను వచ్చీరాని అరవంలో. వాడు నవ్వాపుకున్నాడు. పక్క కొట్టాయనది నెల్లూరట, నా యాస పట్టేసి "ఆపిల్‌లో విండోస్ ఎట్టా ఎక్కించారు సార్? అదీ ఇంత ముసలిదాంట్లో?" అని తెలుగులోనే అడిగాడు. ఆ సందులో, ఆటోల మధ్య నిలబడి చెప్పే జవాబు కాదది. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

జవాబు చెప్పాలంటే 1639 దాకా వెనక్కి పోవాలి. కంగారు పడకండి, వెంటనే తిరిగొచ్చేద్దాం. ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే ఈ సముద్రపొడ్డున కాస్త నేల అడగడానికి వచ్చినప్పుడు, ఇక్కడ అధికారం దామర్ల వేంకటాద్రి నాయకుడి చేతిలో ఉంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసిందంటారు. డే దొరకి తెలుగు రాదు, నాయకుడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో నిలబడ్డవాడు బేరి తిమ్మప్ప, దుభాషి. ఈయన మాట ఆయనకీ, ఆయన మాట ఈయనకీ చేరవేశాడు. మన ఊరు పుట్టిందే దుభాషి నోటి మీదుగా అన్నమాట. నా ఐబుక్‌లో విండోస్‌ని నడిపించిందీ అలాంటి దుభాషే. దాన్నే ఎమ్యులేటర్ అంటారు.

కంప్యూటర్‌లో ప్రాసెసర్ అని ఒకటుంటుంది కదా, దానికి వచ్చినవి అంకెల్లో రాసిన ఆజ్ఞలు మాత్రమే. రెండు సంఖ్యలు కూడు, దీన్ని అక్కడ పెట్టు, అది సున్నా అయితే ఫలానా చోటికి దూకు, ఇలాంటివి. చిక్కేమిటంటే ఒక్కో జాతి ప్రాసెసర్‌ది ఒక్కో భాష. విండోస్ పుట్టి పెరిగింది ఇంటెల్ భాషలో. ఆపిల్ మాత్రం 1994 నుంచీ తన కంప్యూటర్లలో పవర్‌పీసీ అనే వేరే జాతి ప్రాసెసర్లు పెట్టింది. ఇంటెల్ భాషలో "కూడు" అనే ఆజ్ఞకి ఉన్న అంకె, పవర్‌పీసీ చెవికి ఇంకేదో అర్థం, లేదా అసలు అర్థమే లేదు. అందుకే విండోస్ సీడీ తెచ్చి మ్యాక్‌లో పెడితే అది గుడ్లప్పగించి చూసేది.

దుభాషిని పెట్టాలన్న ఆలోచన పాతదే. 1980ల చివర్లోనే ఇన్సిగ్నియా అనే కంపెనీ సాఫ్ట్‌పీసీ అని ఒకటి తెచ్చింది, తర్వాత సాఫ్ట్‌విండోస్ అని ఇంకొకటి. కానీ ఎక్కువమందికి గుర్తున్న పేరు వర్చువల్ పీసీ. కనెక్టిక్స్ అనే కంపెనీ 1997లో తెచ్చింది. అదేం చేసేదంటే, విండోస్ ముందు ఒక మొత్తం పీసీ వేషం కట్టేది. ప్రాసెసరే కాదు, ఎస్3 ట్రియో అనే వీడియో కార్డు, సౌండ్ బ్లాస్టర్ 16 అనే సౌండ్ కార్డు, హార్డ్ డిస్కు, అన్నీ నటనే. లోపల విండోస్‌కి తానొక మ్యాక్‌లో ఉన్నానని తెలియనే తెలియదు. సురభి నాటకంలో వేదిక మీద వానా మెరుపులూ చూపిస్తారు చూడండి, అలా.

మరి దుభాషి ప్రతి మాటా ఆగి ఆగి చెబుతుంటే సంభాషణ ఎప్పటికి తెమలాలి? ఇక్కడ వర్చువల్ పీసీ ఒక తెలివి చూపించింది. మాట మాటా కాకుండా ఒక పేరా మొత్తం అనువదించి, దాన్ని మెమరీలో రాసిపెట్టుకునేది. మళ్లీ అదే పేరా వస్తే కొత్తగా తర్జుమా లేదు, రాసుకున్నది తీసి చదవడమే. ప్రోగ్రాముల్లో ఒకే ముక్క వేలసార్లు తిరుగుతుంటుంది కాబట్టి ఈ నోటుపుస్తకమే ప్రాణం. అందుకే మొదటిసారి ఏ మెనూ నొక్కినా నత్తనడక, రెండోసారి నొక్కితే కాస్త చురుకు.

ఇంకొక తమాషా ఉంది, మన శాసనాలు చదివేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. శాసనాల్లో సంవత్సరాన్ని మాటల్లో చెబుతారు. నేత్ర అంటే రెండు, బాణ అంటే అయిదు. "నేత్ర బాణ" అని ఉంటే ఇరవై అయిదు అనుకుంటాం. కాదు, యాభై రెండు. అంకానాం వామతో గతిః, అంకెలు ఎడమకి నడుస్తాయి. సరిగ్గా ఇదే పేచీ ఈ రెండు ప్రాసెసర్లకీ. పెద్ద సంఖ్యని మెమరీలో పెట్టేటప్పుడు ఇంటెల్ చిన్న కొస ముందు పెడుతుంది, పవర్‌పీసీ పెద్ద కొస ముందు పెడుతుంది. అదృష్టవశాత్తూ పవర్‌పీసీ జాతిలోని జీ3, జీ4 ప్రాసెసర్లకి తిరగేసి చదివే ఒక సదుపాయం ఉండేది, వర్చువల్ పీసీ దాని మీద ఆధారపడింది. 2003లో ఆపిల్ జీ5 తెచ్చింది, చాలా వేగమైనది, కానీ ఆ సదుపాయం అందులో లేదు. అంతే, అంత ఖరీదైన కొత్త మెషీన్‌లో వర్చువల్ పీసీ తెరుచుకోలేదు. 2004లో ఏడో వెర్షన్ వచ్చేదాకా జీ5 కొన్నవాళ్లు పాత మ్యాక్ వైపు ఆశగా చూశారు. ఈలోగా, 2003 ఫిబ్రవరిలోనే, కనెక్టిక్స్ నుంచి ఆ సరుకంతా మైక్రోసాఫ్ట్ కొనేసింది.

ఇక నా గొడవకొస్తాను. నాది డీటీపీ పని. కోడంబాక్కంలో చిన్న గది, పెళ్లి కార్డులు, సంఘాల సావనీర్లు, అప్పుడప్పుడు కవిత్వం పుస్తకాలు. ఇక్కడ నాయుళ్ల ఇళ్లల్లో పెళ్లంటే కార్డు ఒకవైపు తెలుగు, ఒకవైపు అరవం. 2005లో మా బావ అమెరికా నుంచి వస్తూ ఈ ఐబుక్ తెచ్చిచ్చాడు. పన్నెండంగుళాల తెర, 1.33 గిగాహెర్ట్జ్ జీ4, 512 ఎంబీ మెమరీ. ముచ్చటగా ఉంది. తెరిచి చూద్దును కదా, అందులో తమిళం ఉంది, తెలుగు లేదు! చెన్నైలో ఉన్న తెలుగువాడికి ఈ అనుభవం కొత్త కాదనుకోండి. అదే సమయానికి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చి నాలుగేళ్లయింది. అసలు మా డీటీపీ వాళ్లకి కావలసింది అదీ కాదు. మాకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, దాంతో అను అనే తెలుగు ఫాంట్లు కావాలి. పేజ్‌మేకర్ మ్యాక్‌కీ ఉండేది గాని, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ మీదే నడుస్తుంది. కీబోర్డు నొక్కితే ఒత్తులూ గుణింతాలూ తెచ్చి కూర్చేది అదే కదా. అందుకని వర్చువల్ పీసీ ఎక్కించాను, దానిలోపల ఎక్స్‌పీ, దానిలోపల పేజ్‌మేకర్, దానిలోపల తెలుగు. ఉల్లిపాయ పొరల్లా.

వేగం సంగతి అడక్కండి. ఎక్స్‌పీ లేచేలోపు డికాక్షన్ దిగి, పాలు కాగి, కాఫీ తాగడం కూడా అయ్యేది. అక్షరం నొక్కితే వెంటనే పడేది కాదు. నొక్కి, ఆగి, "పడలేదేమో" అని మళ్లీ నొక్కితే రెండూ కలిసి పడేవి. అలా ఒక పెళ్లి కార్డులో "చి.ల.సౌ." రెండుసార్లు పడింది. ప్రూఫు నేనే చూశాను, నేనే వదిలేశాను. మూడొందల కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి "ఏమండీ, మా అమ్మాయి ఒక్కతే" అన్నారు. మళ్లీ నా ఖర్చుతోనే వేసిచ్చాను.

తంటాలు పడగా కొన్ని కిటుకులు తెలిశాయి. ఎక్స్‌పీ కంటే విండోస్ 2000 ఇందులో తేలిగ్గా నడుస్తుంది. ఎక్స్‌పీయే కావాలంటే ఆ నీలం రంగు సోకులన్నీ తీసేసి పాతకాలం బూడిదరంగు ముఖం పెట్టాలి. అన్నిటికంటే గొప్ప కిటుకు, విండోస్‌ని అసలు షట్‌డౌన్ చెయ్యకూడదు. వర్చువల్ పీసీ మూసేటప్పుడు "ఉన్నదున్నట్టు దాచు" అని ఒక దారి ఉంది. అలా దాస్తే, మళ్లీ తెరిచినప్పుడు కర్సర్ ఏ అక్షరం దగ్గర ఆగిందో అక్కడే ఉంటుంది. పైగా విండోస్ మొత్తం మ్యాక్ కళ్లకి ఒకే ఒక్క ఫైలు. దాన్ని ఒక డీవీడీ మీదో బయటి డిస్కు మీదో కాపీ చేసిపెట్టుకుంటే, లోపల వైరస్ పడ్డా పాత కాపీ తెచ్చి పెట్టుకోవడమే. ఆటలు మాత్రం ఆశించొద్దు. ఆ నటించే వీడియో కార్డుకి త్రీడీ బొమ్మలు గీయడం చేతకాదు.

ఇదంతా జరుగుతుండగానే ఆపిల్ భాష మార్చేసింది. 2005 జూన్‌లో ప్రకటించారు, 2006 జనవరిలో ఇంటెల్ మ్యాక్‌లు వచ్చేశాయి. ఇప్పుడిక మ్యాక్‌దీ విండోస్‌దీ ఒకే భాష. దుభాషి ఎందుకు? ఆ ఆగస్టులో మైక్రోసాఫ్ట్ కూడా మ్యాక్‌కి వర్చువల్ పీసీ ఇక తేము అని చెప్పేసింది.

అయితే భాష ఒకటైనా ఇల్లు ఒకటే కదా, ఇద్దరుండాలి. 2006 ఏప్రిల్‌లో ఆపిల్ బూట్ క్యాంప్ అని ఒక ఏర్పాటు ఇచ్చింది. అది ఇంటిని వంతులేసుకోవడం లాంటిది. విండోస్ ఉన్నప్పుడు మ్యాక్ ఉండదు, మారాలంటే రీస్టార్ట్ చెయ్యాలి. కానీ విండోస్‌కి ఇల్లంతా దక్కుతుంది, పూర్తి వేగం. అదే ఏడు జూన్‌లో ప్యారలల్స్, మరుసటి ఏడు వీఎంవేర్ ఫ్యూజన్ వచ్చాయి. ఇవి చెన్నైలో పోర్షన్ అద్దెకివ్వడం లాంటివి. ముందు గదిలో మ్యాక్, వెనక పోర్షన్‌లో విండోస్, నీళ్లు మాత్రం ఒకే సంపు నుంచి. ఆ నీళ్లే మెమరీ. ఇవి కాక వైన్ అని 1993లో మొదలైన ప్రయత్నం ఉంది. అందులో విండోస్ అనే అద్దెదారే ఉండడు. విండోస్ ప్రోగ్రాము "అయ్యా, ఫైలు తెరవండి" అని అడిగితే, విండోస్ బదులు తానే జవాబు చెబుతుంది. కొన్ని ప్రోగ్రాములు నమ్మేస్తాయి, కొన్ని పసిగట్టి మొరాయిస్తాయి.

మీ ఇంట్లో పాత మ్యాక్‌బుక్ ఉంటే, అది బహుశా ఈ ఇంటెల్ కాలం నాటిదే. దీన్ని విండోస్‌కి వాడుకోవాలనేవాళ్లు ఇంకా ఉన్నారు. మా ఆడిటర్ గారున్నారు, ఆయనకి ట్యాలీ అనే జమాఖర్చుల ప్రోగ్రాము లేకపోతే తెల్లవారదు. ట్యాలీ మన పక్క బెంగుళూరులో పుట్టిందే, మ్యాక్‌కి రాలేదు. ఆయన 2012 నాటి మ్యాక్‌బుక్ ప్రో పట్టుకొచ్చి "దీన్నేం చేద్దామండీ" అన్నారు. ఆ మోడల్లో మెమరీ మార్చుకోవచ్చు, డిస్కూ మార్చుకోవచ్చు. పాత తిరిగే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాం, మెమరీ పదహారు జీబీకి పెంచాం. అదే మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, నాలుగు జీబీ అంటే నాలుగే. దానిలో పోర్షన్ ఇవ్వడం కంటే బూట్ క్యాంప్ పెట్టి వంతులేసుకోవడమే నయం. నాలుగు జీబీలో ఇద్దరికి కాపురం పెడితే ఇద్దరూ దాహంతో చస్తారు.

ఒక్క జాగ్రత్త. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయాయి, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ని బూట్ క్యాంప్ అధికారికంగా ఒప్పుకోదు. కాబట్టి పాత ఫైళ్ల కోసం పాత విండోస్ పెట్టుకుంటే, దాని నెట్ కనెక్షన్ పీకేసి పెట్టుకోండి. బ్యాంకు పనులు దాంట్లో వద్దు. నేనైతే మా ఆడిటర్ గారితో ఈ మాట మూడుసార్లు చెప్పాను, ఆయన మూడుసార్లూ తలూపారు. చేశారో లేదో తెలీదు.

2020 నవంబరులో ఆపిల్ మళ్లీ భాష మార్చింది. ఎం వన్ అనే సొంత చిప్పు, ఏఆర్‌ఎం జాతి. బూట్ క్యాంప్ పోయింది. ప్యారలల్స్‌లో నడిచేది ఏఆర్‌ఎం కోసం చేసిన విండోస్. అందులో పాత ఇంటెల్ ప్రోగ్రాము తెరిస్తే, ఆ విండోసే లోపల తర్జుమా చేసి నడిపిస్తుంది. అంటే మన తిమ్మప్ప గారు మళ్లీ కొలువులో చేరారు. ఈసారి జీతం తక్కువ, వేగం ఎక్కువ.

రిచీ స్ట్రీట్ సంగతి చెప్పలేదు కదూ. ఛార్జర్ దొరికింది, నెల్లూరాయన అటక మీంచి దించాడు. ఎందుకింత అవస్థ అంటే, ఆ రెండు చి.ల.సౌ.ల పెళ్లికూతురు లేదూ, ఇప్పుడు ఆవిడ కూతురికి ఓణీల ఫంక్షన్. అమ్మ పెళ్లి కార్డు మీదున్న హంసల అంచే కావాలట. ఆ ఫైలు ఐబుక్‌లో తప్ప ఎక్కడా లేదు. ఇంటికొచ్చి కరెంటు పెట్టాను. కాసేపు మూలిగి లేచింది, తారీఖు 1970 జనవరి అని చూపించింది. వర్చువల్ పీసీ తెరిచాను. ఎప్పుడో దాచిన విండోస్, దాచింది దాచినట్టే వచ్చింది. పేజ్‌మేకర్ తెరిచే ఉంది, హంసలున్నాయి, వాటి మధ్య "చి.ల.సౌ. చి.ల.సౌ.", పక్కన కర్సర్ ఇంకా కొట్టుకుంటోంది.